అమ్మకు వీపు చూపని మరిది

నా పేరు పైల అప్పలనర్సమ్మ. మా అత్త చెప్పిన లెక్కలో నాకు డెబ్భై ఆరేళ్ళు, గుర్తింపు కార్డు లెక్కలో డెబ్భై తొమ్మిది. ఏది నమ్మినా నాకు అభ్యంతరం లేదు. మేముండేది బర్మాలో. పజుండౌంగ్‌లో కాలవ దగ్గరి వీధిలో, టీ దుకాణం పైన మేడగదిలో ఉంటాను. ఇంట్లో నేనూ, ఒక పిల్లీ. నా భర్త పోయి చాలా కాలమైంది. ఆయన తమ్ముడు, నా మరిది, ఈ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో వంతెన అవతల తాకేటాలో కూతురింట్లో పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు.

కబురు మోసుకొచ్చింది కింద దుకాణం ఊ సాన్. బర్మా మనిషే గానీ నలభై ఏళ్ళుగా మా మధ్య టీ కాస్తున్నాడు, కావలసినంత తెలుగు వచ్చు. నా దగ్గర ఫోను లేదు కాబట్టి మరిది కూతురు అతనికి చేసింది. లుంగీ పైకి పట్టుకుని మెట్లన్నీ ఎక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఫ్వా ఫ్వా, నీ మరిది" అని ఆగిపోయాడు. వాళ్ళ మాటలో ఫ్వా ఫ్వా అంటే మామ్మ. మిగతాది అతని మొహం చూసి తెలుసుకున్నాను. పొయ్యి మీద ఎండుచేపల పులుసు ఉంది. దించి, పిల్లికి అందకుండా మూతపెట్టి, చీర మార్చుకుని బస్సెక్కాను.

మా మరిదిని తలుచుకుంటూ నాలుగు మాటలు చెబితే సంబరం పుస్తకంలో వేస్తామన్నారు. నాకు చదువు రాదు. గుడిలో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పే మాస్టారు రాస్తున్నాడు. నా నోట్లో ఉన్న మాట ఉన్నట్టు రాస్తే పుస్తకంలో బాగోదంటాడు. బాగోగులు నువ్వు చూసుకో, అర్థం మారితే మాత్రం ఊరుకోనని చెప్పాను. మా మరిది ఎలాంటి మనిషో చెబుతాను. ఈ చలికి అసిరితల్లి మన వీధుల్లో నడిచి వెళ్ళాలా, బండెక్కి వెళ్ళాలా అన్నది కూడా చెబుతాను. ఆ సంగతికీ ఈ సంగతికీ సంబంధం లేదని కొందరంటున్నారు. చదివాక అనమనండి.

సంబరం ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వానలు పోయి, ఎండలు ముదిరే లోపు, పొద్దున్నే ఒంటికి దుప్పటి కావాలనిపించే రోజుల్లో మా అసిరితల్లి సంబరం. కాలవ ఒడ్డున ఘటం కడతారు. అంటే కొత్త కుండ, పసుపు నీళ్ళు, వేపమండలు, పైన దీపం. దాన్ని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి గుడికి చేర్చాలి. ముందు పులివేషాలు, వాటి వెనక గుండె మీద తప్పెట కట్టుకుని ఆడేవాళ్ళు, తర్వాత కోలాటం. కాగితం పూలు చుట్టుకుని సైక్కాలు, అంటే ఇక్కడి తొక్కుడు రిక్షాలు, కూడా వస్తాయి, వాటిని తొక్కేవాళ్ళకి మన అమ్మతో పనేమీ లేకపోయినా. ప్రతి గుమ్మం ముందూ ఘటం ఆగుతుంది. ఆ ఇంటివాళ్ళు ఘటం మోసేదాని కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. ఊ సాన్ కూడా పోస్తాడు. మొదటి ఏడు తెలియక టీ కాచే వేడినీళ్ళు తెచ్చాడు. ఆ కథ అతన్నే అడగండి, నాకంటే బాగా చెబుతాడు.

ఈ అందరికీ వెనక, ఘటానికి సరిగ్గా ముందు, ఒక మనిషి నడుస్తాడు. మొహం ఘటం వైపు, వీపు వీధి వైపు. కాలవ ఒడ్డు నుంచి గుడి దాకా వెనక్కి నడుస్తూనే వెళతాడు. అమ్మకి వీపు చూపించడు. తల తిప్పి దారి చూసుకోడు. ఆ మనిషే మా మరిది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక వేరొకరిని చూడలేదు.

ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన ఇది చూసి, మా శ్రీకాకుళం వైపు సంబరాల్లో ఇలా నడవరే, ఎక్కణ్ణుంచి తెచ్చారీ పద్ధతి అని అడిగాడు. మా మరిది నడికట్టు విప్పుకుంటూ, "మీ ఊల్లో ఓడల్నేవు గదా బాబూ" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. మీకు చెబుతాను.

మా మామగారు, ఆయన వెంట వచ్చినవాళ్ళు సేక్కాన్ రేవులో పనివాళ్ళు. తర్వాత నా భర్త, మరిది కూడా అక్కడే. ఓడలోంచి బరువు దింపేటప్పుడు కింద ఒక మనిషి నిలబడి, పైన క్రేన్ నడిపేవాడికి చేత్తో సైగ చేస్తుంటాడు. బరువు ముందుకి జరిగితే తనూ వెనక్కి జరుగుతాడు. బరువు మీంచి కన్ను తీశాడా, ఎవడో ఒకడు దాని కింద పడతాడు. మరి వెనకాల తాడుందో గుంజుందో ఎలా తెలుస్తుంది? అందుకు ఇంకొకడు అతని నడుముకి కట్టిన గుడ్డ ముడి పట్టుకుని దారి చూపిస్తాడు. అలా పనిచేసినవాళ్ళు ఇక్కడ అమ్మకి గుడి కట్టుకున్నారు. అమ్మని వీధిలోకి తెచ్చుకునే రోజు వచ్చినప్పుడు వాళ్ళకి తెలిసిన విధంగానే తెచ్చుకున్నారు. ఏ శాస్త్రంలో ఉందని అడిగేవాళ్ళకి ఒకటే చెబుతాను. రేవులో ఉంది.

మొదట్లో మరిది నడికట్టు ముడి పట్టుకున్నది నా భర్త. ఆయన పోయాక ఆ ఏడు సంబరానికి పెద్దలు కూర్చుని ఎవరు పట్టుకోవాలని మాట్లాడుకుంటుంటే, మరిది నేరుగా నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రా వదినా, ముడి పట్టుకోవాల."

"నాకేటి తెలుసు?"

"మా అన్న పట్టుకున్నప్పుడల్లా నువ్వు పక్కన నడిసినావు కాదేటి? సూసినావు గదా."

మొగుడు పోయినది అమ్మ ముందు నడవడమేమిటని అప్పటి పెద్దలు లేచారు. వాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి పేర్లు చెప్పను. మరిది వాళ్ళతో వాదించలేదు. ఆయనకి వాదన రాదు. "నా వీపుకి కళ్ళు లేవు. మా వదినకున్నాయి. ఇంకెవలైనా పట్టుకుంటే నాను నడవను" అని నడికట్టు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మామూలు రోజుల్లో ఆయన్ని మించిన పిరికివాడు లేడు. కుక్క మొరిగితే నా వెనక నిలబడేవాడు. సంబరం రోజు మాత్రం ఆ మాట అన్నాక ఇంకో మాట లేదు.

అలా ముడి నా చేతికి వచ్చింది. ఆయన పక్కన, అర అడుగు ముందు నేను మామూలుగా దారి చూస్తూ నడుస్తాను. నా ఎడమ చెయ్యి ఆయన నడుము వెనక ముడి మీద ఉంటుంది. ఎడమకి రావాలంటే అటు లాగుతాను. గుంత ఉంటే పైకి ఎత్తినట్టు పట్టుకుంటాను. ఆగాలంటే అరచెయ్యి వీపుకి ఆనిస్తాను. మాట ఉండదు. తప్పెట మోతలో మాట వినబడదు కూడా.

మొదటి ఏడు ఎడమ కుడీ తారుమారు చేశాను. నేను దారి వైపు చూస్తాను, ఆయన ఘటం వైపు చూస్తాడు, నా ఎడమ ఆయన కుడి. ఆ సంగతి తట్టేసరికి ఆయన ఒక కాలు మోకాలి దాకా మురికి కాలవలో ఉంది. పులివేషాలవాళ్ళు ఆట ఆపి మరీ నవ్వారు. మరిది తల తిప్పలేదు. కళ్ళు ఘటం మీదే ఉంచి, కాలు పైకి లాక్కుని, నాకు మాత్రమే వినబడేలా, "ఏటొదినా, మా అన్న మీద కోపం ఇంకా తీరనేదా?" అన్నాడు. నేను భర్త పోయాక నవ్వింది అప్పుడే.

ఆయన అలవాట్లు చెప్పమంటే చాలానే ఉన్నాయి. పాలు లేని టీ తాగేవాడు. తాకేటా నుంచి బస్సులో వచ్చినా వంతెన దాటగానే దిగిపోయి మిగతా దారి నడిచేవాడు, బస్సు కిటికీలోంచి గుడికి దండం పెట్టడం ఆయనకి నచ్చదు. కూరలో ఉప్పు తక్కువైతే చెప్పడు. ఎక్కువైతే చెబుతాడు. కూతురు బర్మా కుర్రాణ్ణి చేసుకుంటానంటే వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత వెళ్ళి ఆ అల్లుడి ఇంట్లోనే కాపురం పెట్టి, చివరిదాకా అక్కడే ఉన్నాడు. ఇదెక్కడి పౌరుషం మరిదీ అని నేనంటే, "అలిగినోడు అలిగిన సోటే ఉండిపోవాలేటి?" అనేవాడు.

సంబరం ముందురోజు పెద్దలంతా దారి చూసుకోవడానికి బయల్దేరేవారు, ఎక్కడ రోడ్డు తవ్వారో, ఎక్కడ బండ్లు పెట్టారో అని. ఆయన ఒక్కనాడూ వాళ్ళతో వెళ్ళలేదు. నడిచేది నువ్వు, నీకు చూసుకోవాలని ఉండదా అని ఒకసారి అడిగాను. ఊ సాన్ దుకాణంలో బల్ల మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటూ చెప్పాడు.

"దారి సూసుకున్నాననుకో వదినా, రేపు కాలు ఆ గుర్తు మీదే ఏస్తాను. నువ్వు ఇటు లాగితే నమ్మను. సూడకపోతే నీ సెయ్యొక్కటే నాకు దారి."

ఆ మాట ఆయన గొప్పగా చెప్పలేదు. చెప్పి, గ్లాసులో పడిన చీమను వేలితో తీశాడు.

ఒకటి మాత్రం ఇప్పుడు చెప్పాలి, ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. లోకమంతా రోగం వచ్చి సంబరం ఆగిపోయిన ఏళ్ళు గడిచి, మళ్ళీ మొదలైనప్పటికి నా మోకాళ్ళు పాడయ్యాయి. మేడ దిగడానికే గోడ పట్టుకోవాలి. ఈసారి నన్ను వదిలేయమని మరిదితో చెప్పాను. "ముడి మీద సెయ్యెట్టు సాలు" అన్నాడు. పెట్టాను. కాలవ ఒడ్డు నుంచి మొదటి మలుపు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత కాళ్ళు నావి కావు. ముడి పట్టుకుని వేలాడాను. ఆయన నడక కొంచెం నిదానించింది. నడుము కొంచెం వంగింది. వీధి పొడుగునా జనం దండాలు పెడుతూ, నర్సమ్మ మరిదిని ఎంత జాగ్రత్తగా నడిపిస్తోందో అనుకున్నారు. నా బరువంతా ఆయన నడుము మీద ఉంది. ఆయన నన్ను మోసుకెళుతున్నాడు, వెనక్కి నడుస్తూ, చూడకుండా. నేను దారి చెబుతున్నాను, ఆయన బరువు మోస్తున్నాడు. ఆ చలికీ అంతే, తర్వాతి చలికీ అంతే. గుడి ముందు నడికట్టు విప్పితే నడుము చుట్టూ ఎర్రగా గాటు కనబడింది. నేను చూస్తున్నానని చొక్కా కిందికి లాక్కున్నాడు.

ఈ మాట బయటపెడితే నా వాదనకే దెబ్బ అని మాస్టారు అన్నాడు. తగలనీ. అబద్ధం మీద అమ్మని నడిపించమని నేను అడగడం లేదు.

ఇక ఈ ఏటి సంగతి. మరిది పెద్దకర్మ అయ్యాక గుడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. సంబరం పెద్ద రామ్మూర్తి నాకంటే చిన్నవాడు, నన్ను అప్పా అని పిలుస్తాడు, అక్కా అన్నట్టు. మంచివాడే. గుడికి సున్నం వేయించింది అతనే, కరెంటు లేని రోజుల్లో దీపం ఆగకుండా చూసుకుంటున్నదీ అతనే.

"అప్పా, ఈ ఏడు ఘటాన్ని బండి మీద పెడదాం. పూలు గట్టి, లైట్లెట్టి, బాగా సేద్దాం. నువ్వు కూడా ఎక్కి కూకోవచ్చు."

"ఎందుకు?"

అతను చెప్పినవన్నీ నిజాలే. తప్పెట ఆడే కుర్రాళ్ళు సగం మంది పనులకి థాయ్‌లాండ్ పోయారు. ఊరేగింపు వీధుల్లో ఎక్కువసేపు ఉంటే అనుమతికి ఇబ్బంది. బండి అయితే గబగబా తిరిగొస్తుంది. గుమ్మం గుమ్మానికీ ఆగక్కర్లేదు. అన్నిటికీ మించి, వెనక్కి నడిచే మనిషి లేడు.

"ఆడే ఉంటే ఈ మాట అనేవోన్ని కాదప్పా. ఆడు పోనాడు గదా."

"పోయినాడు. మా మరిదిని బండి మీద తీసుకెల్లినారు, సూసినాను. ఆడింక నడవలేడు గనక బండెక్కించినారు. అమ్మకేటైంది, అమ్మనెందుకు ఎక్కిస్తావు?"

ఎవరో ఖళ్ళున దగ్గారు. రామ్మూర్తి లేచి పంచె బిగించాడు. "సరే, నానే నడుస్తాను. ముడట్టుకో." గుడి వాకిట్లోనే, పూజారి పట్టుకున్న ఖాళీ కుండ వైపు మొహం పెట్టి వెనక్కి నడిచాడు. భారీ మనిషి. ఒక అడుగు వేస్తాడు, మెడ తిప్పి చూస్తాడు. ఇంకో అడుగు, మళ్ళీ మెడ. నేను ముడి పట్టుకునే ఉన్నాను, నా చెయ్యి అతనికి తగిలినట్టే లేదు. ధ్వజస్తంభం దాకా కూడా రాలేదు.

"తమ్ముడూ, అమ్మకి ఒకపాలి మొకం, ఒకపాలి వీపు. ఏది దండం, ఏది తిట్టు?" అన్నాను.

నవ్వాడు పాపం, చెమట తుడుచుకుంటూ. "అదేనప్పా సెప్పేది. ఈ పని ఎవలికీ రాదు. బండే గతి."

అప్పుడు చెప్పాను, మరిది కూతురు నడుస్తుందని. సత్తెవతి. తాకేటాలో ఫోన్లమ్మే దుకాణంలో పని, అక్కడ దాన్ని మ సాండా అంటారు. నేను ఆ పేరు చెప్పగానే అరుగంతా ఒక్కసారి మాట్లాడింది. ఆడపిల్ల. బర్మావాణ్ణి చేసుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు, అమ్మ మీద ఒక పాటైనా రాదు.

నా జవాబులు ఇవి. ఘటాన్ని నెత్తిన మోసేది ఆడది. అమ్మే ఆడది. మొగుడు పోయినదాన్ని, నేను ముడి పట్టుకుంటే ఏ పంటా మాడలేదు, ఏ ఓడా మునగలేదు. పాట పాడేవాళ్ళు కోలాటంలో ఉన్నారు, అది పాడక్కర్లేదు. ఇక బర్మావాడి సంగతి. సంబరం రోజు ఎదురొచ్చే బస్సుల్ని ఆపేది ఎవరు, సైక్కాలు అడ్డం పెట్టి? వాళ్ళు బర్మావాళ్ళు కారా? వాళ్ళు బస్సు ఆపితే తీసుకుంటారు, వాళ్ళింటి కోడలు నడిస్తే పనికిరాదా?

"నీ మోకాళ్ళతో నువ్వెలగ పట్టుకుంటావప్పా ముడి?" అన్నాడు రామ్మూర్తి.

పైన చెప్పిన సంగతి, మరిది నన్ను మోసిన సంగతి, అరుగు మీద అప్పుడు చెప్పలేదు. అందుకే ఇక్కడ చెప్పాను. ముడి పట్టుకునేదానికి కాళ్ళు గట్టిగా ఉండాలని మీరందరూ అనుకున్నారు. ముడి కట్టుకున్నవాడి నడుము గట్టిగా ఉండాలి. అంతే.

తేల్చకుండానే లేచారు. వచ్చే ఆదివారం తేలుస్తామన్నారు. ఈ కాగితం ఆ రోజు అందరి ముందు చదవాలి, తర్వాత పుస్తకంలో వేసుకోవచ్చు.

సత్తెవతిని నేను బతిమాలలేదు. అడిగాను. "నాన్న చేసింది నాకు రాదు పెద్దమ్మా" అంది. బర్మా మాటలోనే అంటుంది, ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను. అది నిజమే, రాదు. తండ్రి నడికట్టు దాని చేతిలో పెట్టాను. పసుపు రంగు వెలిసి తెల్లబడిన గుడ్డ, ముడి పడేచోట మాత్రం నల్లగా ఉంటుంది, నా చేతి మురికి. దాన్ని చాలాసేపు చూసింది. మర్నాడు తన ఫోన్ల దుకాణం తెరిచే లోపు వంతెన దాటి వచ్చింది.

పొద్దున్నే ఈ వీధిలో బండ్లు తక్కువ. ఊ సాన్ పొయ్యి వెలిగిస్తుంటాడు. నడికట్టు కట్టాను. అది వాళ్ళ నాన్న కంటే సన్నం, రెండు చుట్లు ఎక్కువ పట్టింది.

"పెద్దమ్మా, కారొస్తే?"

"నాను సూస్తాను."

"కుక్కొస్తే?"

"మీ నాన్నకే భయం, నీకు కూడానా?"

"నువ్వు పడిపోతే?"

"నీ మీదే పడతాను. నీ మీంచి ఇంకెక్కడికెల్తాను?"

నవ్వింది. నాలుగడుగులు నడిచి మెడ తిప్పింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ తిప్పింది. ఆ రోజంతా అంతే. మూడోరోజు విసుక్కుని, "దేన్ని చూడాలి పెద్దమ్మా, ఎదురుగా ఏమీ లేదుగా, ఉట్టి వీధి!" అంది. నాకప్పుడు తట్టింది. రేవులో బరువు లేకుండా ఎవరూ వెనక్కి నడవరు. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. గుడిలో కుండ అడగడం నాకిష్టం లేదు.

ఊ సాన్ మా గొడవ రోజూ వింటూనే ఉన్నాడు. పొయ్యి మీంచి పెద్ద కెటిల్ దించి, తలగుడ్డ చుట్టుకుని, కెటిల్‌ని నెత్తిన పెట్టుకుని వీధి మధ్యకి వచ్చాడు.

"ఇదిగో మీ అమ్మ. నడవండి."

"పాపం తగుల్తాది, దించెహె!" అన్నాను.

"ఫ్వా ఫ్వా, నీ మరిది సిమెంటు బస్తా చూసి నేర్చుకున్నాడు. టీ అంతకన్నా తక్కువా?"

సత్తెవతి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను తిట్టాను గానీ ఆపలేదు. మరిది ఉంటే ఆపేవాడు కాదు. ఊ సాన్ ఒక చెయ్యి కెటిల్ మీద పెట్టి, బరువున్నవాడు నడిచినట్టు నిదానంగా ముందుకి కదిలాడు. నిండా వేడినీళ్ళు, ఒలికితే తన నెత్తే కాలుతుంది. సత్తెవతి నవ్వు ఆగిపోయింది. "మెల్లగా, మెల్లగా" అంటూ రెండు చేతులూ ఎత్తింది, ఆగమన్నట్టు, రమ్మన్నట్టు. ఆ చేతులు ఎవరూ నేర్పలేదు. వాళ్ళ నాన్న అలాగే ఎత్తేవాడు, రేవులోనూ, ఇక్కడానూ. వెనక్కి అడుగు వేసింది. నేను ముడి పట్టుకున్నాను. ఇంకో అడుగు. గుంత దగ్గర కొంచెం ఎత్తాను, కాలు ఎత్తి వేసింది. మలుపు దగ్గర అటు లాగాను, అటు వచ్చింది. నా ఎడమ దాని కుడి అని గుర్తుపెట్టుకునే లాగాను. మోకాలు మెలిపెట్టినప్పుడు ముడి మీద బరువు వేశాను. అది నడుము కొంచెం వంచింది, నడక కొంచెం నిదానించింది.

ఆ పొద్దు నిన్నటిది. దుకాణం బల్ల మీద రామ్మూర్తి కూర్చుని ఉన్నాడు, టీకి వచ్చాడు. కెటిల్ వీధిలోకి పోవడంతో ఖాళీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. మేము వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆ గ్లాసు కింద పెట్టలేదు. ఊ సాన్ భార్య గుమ్మంలోకి చెంబుతో నీళ్ళు తెచ్చి, అలవాటు కొద్దీ మొగుడి కాళ్ళ మీద పోసేసింది. కెటిల్ మూతి లోంచి చలిలో ఆవిరి తెల్లగా పోతోంది.

మేము బల్ల ముందు నుంచి వెళుతుంటే రామ్మూర్తి లేచి నిలబడ్డాడు. ఘటం వచ్చినప్పుడు అందరూ లేస్తారు. ఇది ఘటం కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. దాటాక తిరిగి చూస్తే అతను వట్టి కాళ్ళతో తడి రోడ్డు మీద ఉన్నాడు, చెప్పులు బల్ల కింద పక్కపక్కన ఉన్నాయి. దారి చూడాల్సింది నేను, కాబట్టి నేను చూశాను. సత్తెవతి చూడలేదు. దాని కన్ను కెటిల్ మీద ఉంది.

చెప్పింది నేను. రాసి, రెండుసార్లు చదివి వినిపించారు. అర్థం మారలేదు.

పైల అప్పలనర్సమ్మ వేలిముద్ర. ఎడమ చేతిది, ముడి పట్టుకునే చేతిది.

సాక్షులు:
సత్తెవతి అనే మ సాండా, తాకేటా
ఊ సాన్, టీ దుకాణం, పజుండౌంగ్
బమ్మిడి రామ్మూర్తి, సంబరం పెద్ద